వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర... దాని వెనక మన సుబ్బారావు

తెనాలిలో కుట్టుమిషన్ తొక్కే ఆమె కావచ్చు, బాపట్లలో బోర్డు మీద రాసే టీచరమ్మ కావచ్చు, రేపల్లెలో ఇంటిపనీ పొలంపనీ రెండూ చూసుకునే ఇల్లాలు కావచ్చు. పొద్దున లేవగానే మణికట్లు బిగుసుకుపోయి, పొయ్యి మీది పాలగిన్నె దించడానికి కూడా చెయ్యి సహకరించదు. పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలాక డాక్టరు చీటీ మీద చాలాసార్లు ముందుగా పడే పేరు మెథోట్రెక్సేట్. దాని కిందే ఫోలిక్ యాసిడ్. ఈ రెండు మాత్రలూ ఒకే ప్రయోగశాల నుంచి, ఒకే మనిషి నాయకత్వంలో లోకానికి వచ్చాయి. ఆయన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు కీళ్లవాతానికి పనికొస్తుందన్న సంగతి మాత్రం ఆయన బతికుండగా తెలియలేదు.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. చదువు మీద కూడా మొదట్లో పెద్దగా మనసు లేదు. పదమూడేళ్ల వయసులో కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బాగా సంపాదించాలని ఇల్లు వదిలి బయల్దేరాడని, తల్లి వెనక్కి రప్పించిందని ఆయన గురించి చెబుతారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. చదువు మానేస్తే ఊరుకునేది లేదన్న తల్లి పట్టుదలే ఆయన్ని నిలబెట్టింది.

రాజమండ్రి వైపు నుంచి మద్రాసు వెళ్లే రైలు మార్గం అప్పుడూ ఇప్పుడూ తెనాలి, బాపట్ల మీదుగానే. కోస్తా పిల్లలు పెద్ద చదువుకు మద్రాసు బండి ఎక్కే రోజులవి. సుబ్బారావు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివారు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యుడైతే జనానికి సేవ చేయవచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఖర్చుకు సాయపడ్డారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో పెళ్లయింది.

గాంధీజీ పిలుపు మేరకు విదేశీ బట్టలు వదిలేసి, ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు సుబ్బారావు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది పూర్తి స్థాయి ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదిగా చూసే ఎల్ఎంఎస్. ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం రాలేదు. మద్రాసులోనే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పడానికి చేరారు.

ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు

సుబ్బారావు జీవితాన్ని మలుపు తిప్పింది ఉద్యోగం కాదు, ఇంట్లో జరిగిన రెండు చావులు. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ ఎనిమిది రోజుల తేడాలో పోయారు. ఇద్దరికీ ఒకటే జబ్బు, ట్రాపికల్ స్ప్రూ. మనవాళ్లు సంగ్రహణి అనేవారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూసిపోతుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎముకల గూడవుతాడు. అప్పటికి దానికి సరైన మందు లేదు. తర్వాత అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. బతికి బయటపడ్డారు గానీ, ఈ జబ్బు ఎందుకొస్తుంది, దేనితో పోతుంది అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

ఆ ప్రశ్నే ఆయన్ని 1920ల మొదట్లో అమెరికాకు తీసుకెళ్లింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మిగతాది మామగారు సమకూర్చారు. బోస్టన్‌లో హార్వర్డ్ వైద్య విద్యాలయానికి చెందిన ఉష్ణమండల వైద్య విభాగంలో చేరారు. పూట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. రోగుల మూత్రపాత్రలు కడగడం కూడా అందులో భాగమే. గర్భవతిగా వదిలి వచ్చిన భార్యకు కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి చూసుకోలేదు. మళ్లీ స్వదేశానికి రావడం ఆయన వల్ల కాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన కథ చెప్పుకునేటప్పుడు ఆమె ఎదురుచూపుల్ని కూడా తలచుకోవాలి.

రక్తంలో ఫాస్ఫరస్ నుంచి ఏటీపీ దాకా

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి సుబ్బారావు రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతికి ఫిస్క్-సుబ్బారావు పేరే స్థిరపడింది. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఈనాటికీ ఆ పేరు చదువుతారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. శరీరంలోని ప్రతి కణమూ తన పనికి కావలసిన శక్తిని ఖర్చుపెట్టే నాణెం లాంటిది ఏటీపీ. అడినోసిన్ అనే పదార్థానికి మూడు ఫాస్ఫేట్లు తగిలించినదే అది. ఈ అడినోసిన్ పేరు గుర్తుంచుకోండి. మన మణికట్టు కథలో అది మళ్లీ వస్తుంది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. అంత పని చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం దక్కలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, పరిశోధన విభాగానికి సారథి అయ్యారు.

సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకు మందు

అంతకు పదేళ్ల ముందే ఫోలిక్ యాసిడ్ కథ మన దేశంలో మొదలైంది. బొంబాయిలో మిల్లు కార్మికుల కుటుంబాల్లోని గర్భిణులకు ఒక రకం తీవ్రమైన రక్తహీనత వస్తోందని లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు గమనించారు. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లు తేరుకుంటున్నారని 1931లో తెలియజేశారు. ఆ ఈస్ట్‌లో ఉన్న పదార్థమేమిటో అప్పుడు తెలియదు. అదే ఫోలిక్ యాసిడ్.

సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పట్టింది, ఆకలి వేసింది, మనుషులు లేచి తిరిగారు. సోదరుల్ని కాపాడుకోలేని మనిషి పాతికేళ్లకు పైగా గడిచాక అదే జబ్బుకు మందు అందించగలిగారు. ఇవాళ మన ఊళ్లో ఏఎన్ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో ఉండే రెండో మందు ఇదే.

ఆయన సారథ్యంలోనే 1947లో హెట్రజాన్ వచ్చింది. కోస్తా జిల్లాలను తరతరాలు పీడించిన బోదకాలు జబ్బుకు ప్రభుత్వం ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లలో మొదటిది. దాన్ని వెలికితీసిన డగ్గర్ పనిచేసింది కూడా సుబ్బారావు నడిపిన విభాగంలోనే.

తాళానికి సరిపడని తాళంచెవి

ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి కావాలి. అయితే వెర్రిగా పెరిగే క్యాన్సర్ కణాలకు అది అందకుండా చేస్తే? బోస్టన్‌లో పిల్లల వ్యాధుల నిపుణుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లల కోసం వెతుకుతున్నది ఇదే. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి, దాని పని మాత్రం చేయని అణువుల్ని తయారు చేసి పంపింది. తాళంలో దూరుతుంది గానీ తిరగని తాళంచెవి లాంటిదన్నమాట. అలా వచ్చినవే అమినోప్టెరిన్, దాని తర్వాత మెథోట్రెక్సేట్. అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. క్యాన్సర్‌కు మందుతో వైద్యం చేయవచ్చన్న నమ్మకం కలిగించిన తొలి మెట్లలో అదొకటి.

అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53.

మందు మిగిలింది, ఉపయోగం ఆలస్యమైంది

సుబ్బారావు పోయిన మరుసటి నెలలోనే అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచానపడిన ఒక రోగికి ఫిలిప్ హెంచ్ మొదటిసారి కార్టిజోన్ ఇచ్చారు. రోజుల్లో మనిషి లేచి నడిచాడు. 1950లో హెంచ్‌కు నోబెల్ వచ్చింది. దాంతో ప్రపంచం చూపంతా స్టిరాయిడ్ల మీదకు వెళ్లింది. 1951లో అమెరికా వైద్యులు కొందరు అమినోప్టెరిన్‌తో సొరియాసిస్, కీళ్లవాతం రెండూ తగ్గుతున్నాయని రాసినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

స్టిరాయిడ్ల మోజు ఎక్కువ కాలం నిలవలేదు. మొహం ఉబ్బడం, షుగరు పెరగడం, ఎముకలు గుల్లబారడం మొదలయ్యాయి. నొప్పి తగ్గినా లోపల కీలు అరిగిపోవడం మాత్రం పూర్తిగా ఆగలేదు. 1970ల్లో వైద్యులు మెథోట్రెక్సేట్ వైపు మళ్లీ చూశారు. 1980ల్లో పద్ధతిగా పరీక్షలు జరిగాయి. 1988లో అమెరికా ప్రభుత్వం దాన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు అనుమతించింది. అప్పటికి సుబ్బారావు పోయి 40 ఏళ్లు.

క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు పెద్దది. కీళ్లకు ఇచ్చేది చాలా తక్కువ, అదీ వారానికి ఒక్కరోజే. ఇంత చిన్న మోతాదులో అది కణాలను చంపదు. దారి తప్పి సొంత కీళ్ల మీదే దాడి చేస్తున్న రోగనిరోధక కణాలను శాంతపరుస్తుంది. కీలు చుట్టూ అడినోసిన్ పేరుకునేలా చేయడం అందులో ఒక ముఖ్యమైన మార్గమని పరిశోధకులు భావిస్తున్నారు. 1929లో ఏటీపీలో భాగంగా సుబ్బారావు చూసిన అడినోసిన్ ఇదే.

మణికట్టులో ఏం జరుగుతుంది?

ముంజేతి ఎముకలు రెండు, వాటి ముందు ఎనిమిది చిన్న ఎముకలు కలిస్తే మణికట్టు. కీళ్లవాతంలో వీటి మధ్య ఉండే పల్చటి పొర వాచి, మందమై, మృదులాస్థిని, ఎముకను తినేస్తుంది. ఎముకలను పట్టి ఉంచే బంధాలు సడలుతాయి. చిటికెన వేలి వైపు ఎముక పైకి పొడుచుకొస్తుంది. దాని మీద రాసుకుని రాసుకుని, వేళ్లను పైకి లేపే తాళ్లలాంటి టెండన్లు ఒక రోజు తెగిపోతాయి. మీ చిటికెన వేలు, ఉంగరపు వేలు హఠాత్తుగా పైకి లేవకపోతే దాన్ని నరాల బలహీనత అనుకుని బలం మాత్రలు వేసుకుంటూ కూర్చోవద్దు. ఆలస్యమైతే పక్క వేలు కూడా పోవచ్చు. త్వరగా సర్జన్‌కు చూపించాలి.

కీలు పూర్తిగా దెబ్బతిన్నాక రెండు దారులుంటాయి. ఒకటి, ఎముకలను ప్లేటుతో కలిపి అతికించేయడం. నొప్పి పోతుంది, పట్టు గట్టిగా ఉంటుంది, కానీ మణికట్టు వంగదు. రెండోది, కీలు మార్పిడి. పాడైన ఎముక చివర్లు తీసేసి ముంజేతి వైపు ఒక లోహపు భాగం, అరచేతి వైపు మరొకటి అమర్చి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పెడతారు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1890లోనే బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో చేసిన మణికట్టును క్షయ సోకిన కీలు స్థానంలో అమర్చాడు. ఇన్ఫెక్షన్ల వల్ల ఆయన ప్రయత్నాలు నిలవలేదు. 1960ల చివర్లో సిలికాన్, 1970ల్లో లోహపు కీళ్లు వచ్చాయి.

మోకాలు, తుంటి మార్పిడితో పోలిస్తే మణికట్టు మార్పిడి చాలా తక్కువగా చేస్తారు. కొత్త కీలు కొన్నేళ్లకు వదులైపోయే అవకాశం కూడా ఎక్కువే. అందుకే బరువు పనులు పెద్దగా లేని కీళ్లవాతం రోగులకు అది బాగా సరిపోతుంది. జడ వేసుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకుని తినడం, స్నానం, శుభ్రత లాంటి పనుల్లో మణికట్టు కొంచెం వంగినా ఎంతో తేడా. రెండు చేతులూ పాడైన వాళ్లకు ఒకటి అతికించి, ఇంకోటి మార్చడం కూడా జరుగుతుంది.

ఆపరేషన్‌కు ముందు డాక్టరును ఈ విషయాలు అడగండి:

- నేల మీద కూర్చుని అరచేయి ఆనించి లేచే అలవాటు మానాల్సి ఉంటుందా? నిండు బిందె, బియ్యం బస్తా ఎత్తవచ్చా?
- ముందుముందు మోకాలి ఆపరేషన్ అవసరమైతే చేతికర్ర మీద బరువు మోపవచ్చా? ఏది ముందు చేయించుకోవాలి?
- మత్తు ఇచ్చే ముందు మెడ ఎక్స్‌రే తీస్తారా? కీళ్లవాతం మెడ ఎముకలను కూడా సడలించవచ్చు.
- ఏ మందులు కొనసాగించాలి, ఏవి ఆపాలి? మెథోట్రెక్సేట్‌ను సాధారణంగా ఆపరు. మీకై మీరు మాత్రం ఏదీ ఆపవద్దు.

మెథోట్రెక్సేట్, ఆ తర్వాత వచ్చిన బయోలాజికల్ మందుల వల్ల ఇలాంటి ఆపరేషన్ల దాకా వెళ్లే కీళ్లవాతం రోగులు మునుపటికంటే తగ్గారు. అందుకు షరతు ఒక్కటే. మందు సమయానికి మొదలుపెట్టాలి. పోయిన ఎముకను ఏ మాత్రా తిరిగి తేలేదు.

ఆదివారమా, బుధవారమా... ఒక్కరోజే!

ఈ మందుతో జరిగే అతి ప్రమాదకరమైన పొరపాటు, వారానికి ఒకసారి వేసుకోవలసింది రోజూ వేసుకోవడం. బీపీ, షుగరు మాత్రలు రోజూ వేసుకునే ఇళ్లలో ఇది తేలిగ్గా జరుగుతుంది. పైగా మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు చాలా కంపెనీలవి చిన్నగా, పసుపు రంగులో ఒకేలా కనిపిస్తాయి. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. నోరు పూయడం, జ్వరం, ఒంటి మీద నల్లని మచ్చలు కనిపిస్తే వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లి, ఈ మందు వాడుతున్నట్టు చెప్పాలి. సకాలంలో వెళితే విరుగుడు ఉంది. అది కూడా ఫోలిక్ యాసిడ్ కుటుంబానిదే.

- వారంలో ఒక రోజును ఖాయం చేసుకుని, ఆ రోజు పేరు అట్ట మీద తెలుగులో పెద్దగా రాయండి. క్యాలెండర్ మీద టిక్కు పెట్టండి.
- ఫోలిక్ యాసిడ్‌ను డాక్టరు చెప్పిన రోజుల్లో తప్పక వేసుకోవాలి. మెథోట్రెక్సేట్ వల్ల వచ్చే నోటిపూత, వికారం, కాలేయం ఇబ్బందులు తగ్గుతాయి. రెండు మాత్రలనూ వేర్వేరు డబ్బాల్లో పెట్టండి.
- రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు చెప్పిన గడువుకు చేయించుకోవాలి. బాగుంది కదా అని మానవద్దు.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. పిల్లలు కావాలనుకునే వాళ్లు డాక్టరుతో మాట్లాడి ముందే ఆపాలి.
- మద్యం మానాలి. కొన్ని యాంటీబయాటిక్‌లు, ముఖ్యంగా కోట్రైమాక్సజోల్, దీనితో కలిస్తే ప్రమాదం. జ్వరానికి ఆర్ఎంపీ దగ్గరకు వెళ్లినా సరే ఈ మందు పేరు ముందు చెప్పండి.
- ఫలితం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పట్టవచ్చు. రెండు వారాలకే పనిచేయలేదని వదిలేయవద్దు.

ఎప్పుడు వెళ్లాలి?

పొద్దున లేచాక అరగంట, గంట దాటినా చేతులు బిగుసుకుని ఉండటం, రెండు మణికట్లూ లేదా వేళ్ల మొదటి కణుపులు వాచి వేడిగా ఉండటం, ఇది ఆరు వారాలు దాటి సాగడం... ఇవి గుర్తులు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఈ జబ్బు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలకు రక్తం మీ ఊళ్లోనే ఇవ్వవచ్చు. వాటిని తీసుకుని రుమటాలజిస్టును కలవండి. నొప్పి బిళ్లలతో, పేరు తెలియని పొడులతో, స్టిరాయిడ్ ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చే ప్రతి నెలా మణికట్టు లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది.

సుబ్బారావు తన పేరు కోసం ఎప్పుడూ పాకులాడలేదు. పత్రికల వెంట పడలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. మన ఊళ్లలో ఆయన పేరు తెలియనివాళ్లు ఇప్పటికీ చాలామందే. మెథోట్రెక్సేట్ వాడుతూ మళ్లీ తన జడ తాను వేసుకోగలుగుతున్న ప్రతి ఇల్లాలూ మాత్రం ఆయన పనిని చేతిలో పెట్టుకునే తిరుగుతోంది. ఆ మందును సరైన రోజున, సరైన మోతాదులో వేసుకోవడమే మనం చేయవలసిన మిగతా సగం పని.